టింబరు మంగీలాల్ ఇంటి వేణ్నీళ్లు

ఖమ్మంలో ఛాతీ డాక్టరు రెండు ఎక్స్‌రేలను లైటు పెట్టె మీద పక్కపక్కన తగిలించాడు. అందులో ఒకదాన్ని చాలాసేపు చూసి, మంగీలాల్ వైపు తిరిగి, బొగ్గుబాయిలో ఎన్నేళ్లు పనిచేశావని అడిగాడు. ముప్పై ఒక్క ఏళ్లని మంగీలాల్ చెప్పాడు. అది చూస్తేనే తెలుస్తోందని డాక్టరు అన్నాడు. లోపలి గొట్టాలు బిగుసుకుపోయాయని, బొగ్గు ధూళి మనిషిని ఊరికే వదలదని, ఇప్పటికైనా జాగ్రత్త పడాలని పది నిమిషాలు చెప్పాడు. మంగీలాల్ అన్నిటికీ తలూపాడు. చదువుకున్నవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడటం అతనికి అలవాటు లేదు. చివరికి పక్కన నిలబడ్డ కూతురు జ్యోత్స్న, ఆ ఫిల్ము అంచున ఉన్న పేరు ఒకసారి చదవండి సార్ అంది. డాక్టరు కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. అది మంగీలాల్ భార్య సక్రిది.

మంగీలాల్ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ముప్పై ఒక్క ఏళ్లు భూమి కింద బొగ్గులో తిరిగినవాడికి ఏమీ కాలేదు. ఆ ముప్పై ఒక్క ఏళ్లూ భూమి మీద కూర్చుని అతని స్నానానికి నీళ్లు కాచిన మనిషికి అయింది. డాక్టరు పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఇలాంటి ఆడవాళ్లను వారానికి ఇద్దరు ముగ్గుర్ని చూస్తానన్నాడు. బీడీ అలవాటు ఉందా అని మాత్రం అడిగాడు. సక్రి నవ్వబోయింది, నవ్వు దగ్గులోకి దిగింది, ఆ దగ్గు ఆగేదాకా అందరూ గోడ మీది క్యాలెండరు చూశారు.

"ఈ చలికాలం పొగ తగలకుండ గడిస్తే చానేండ్లు నడుస్తది. మళ్ల పొయ్యి ఊదిందనుకో, వచ్చే చలికాలానికి మంచం పక్కన ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకోవాలె," అన్నాడు డాక్టరు. ఈ మాట అతను సక్రితో కాకుండా మంగీలాల్‌తో అన్నాడు.

మంగీలాల్‌ది దేవ్‌సింగ్ తండా. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో బస్సు దిగి, జామాయిల్ తోటల మధ్య మూడు కిలోమీటర్లు లోపలికి నడిస్తే వస్తుంది. తండా అయిపోయిన చోట అడవి మొదలవుతుంది. సరిగ్గా ఎక్కడ అయిపోయిందో, ఎక్కడ మొదలైందో అన్నది తండా వాళ్లకూ అటవీశాఖ వాళ్లకూ ఇప్పటికీ తేలని పేచీ. బాయిలో అతని పని టింబర్‌మన్. బొగ్గు తవ్వేసిన చోట నెత్తి మీద మిగిలే రాయి కూలకుండా కింద కర్రలు నిలబెట్టేవాణ్ని అలా అంటారు. కర్ర నిలబెట్టే ముందు ఇనప పొన్ను వేసిన పొడుగాటి కర్రతో పైకప్పును కొట్టి, చెవి పెట్టి వినాలి. గట్టిగా ఉన్న రాయి ఖంగుమంటుంది. పట్టు వదిలిన రాయి డొల్లగా పలుకుతుంది. ఈ రెండు చప్పుళ్ల మధ్య తేడా చెప్పడానికి కంపెనీ అతనికి ముప్పై ఒక్క ఏళ్లు జీతం ఇచ్చింది.

ఒకే ఒక్కసారి చెవి తప్పింది. ఒక చోట కొట్టి, విని, బాగానే ఉందని చెప్పి అందరితో పాటు చాయ్ తాగడానికి వెనక్కి వచ్చాడు. పది నిమిషాల్లో ఆ కప్పు కూలింది. ఎవరికీ గీతైనా పడలేదు. పోతయ్య అనే జోడీదారు టిఫిన్ క్యారియర్ మాత్రం అప్పడంలా అయిపోయింది. పోతయ్య ఆ సాయంత్రమే కొత్త క్యారియర్ కొనుక్కుని జరిగిందంతా మరిచిపోయాడు. మంగీలాల్ మరిచిపోలేదు. పాలు తాగి నోరు కాలినవాడు మజ్జిగను ఊదుకుని తాగుతాడంటారు. మంగీలాల్ ఆ రోజు నుంచి మంచినీళ్లు కూడా ఊదుకునే తాగాడు. దేనికీ పూచీ పడటం మానేశాడు. జ్యోత్స్నకు సంబంధం చూసి వచ్చినప్పుడు, పిల్లగాడి ఇల్లూ వాకిలీ ఎట్లా ఉన్నాయని సక్రి అడిగితే, ఇప్పటికైతే నిలబడే ఉన్నాయన్నాడు. ఆ పెళ్లి పదేళ్లయింది, అదీ నిలబడే ఉంది.

ఇక సక్రి సంగతి. బాయి నుంచి వచ్చిన మగవాడు గడప తొక్కేసరికి కాగులో నీళ్లు మసులుతూ ఉండాలి. ఇది ఆమెకు ఎవరూ చెప్పలేదు, అప్పుడు వాళ్లున్న కంపెనీ క్వార్టర్లలో ఏ ఆడదానికీ ఎవరూ చెప్పలేదు, అందరూ చేశారు. షిఫ్టులు మూడు కాబట్టి నీళ్లు మూడు వేళల్లో కాగాయి. మగవాడి స్నానం, తర్వాత పిల్ల స్నానం, చిట్టచివర కాగు అడుగున మిగిలిన నులివెచ్చని నీళ్లతో సక్రి స్నానం. మంగీలాల్ రిటైరై తండాలో కట్టుకున్న ఇంటికి వచ్చాక షిఫ్టులు పోయాయి, కాగు పోలేదు. పెరట్లో మూడు రాళ్లు, వాటి మీద కాగు, కింద అడవి కట్టె. వంట గ్యాసు మీదే. కానీ అన్నం వండే మంట మీద ఒళ్లు కడుక్కునే నీళ్లు కాయకూడదని సక్రి పట్టుదల. కరెంటు రాడ్డు బకెట్లో వేద్దామా అంటే, ఎగువింటి రూప్లి గేదె అలాంటి బకెట్లోనే మూతి పెట్టి చచ్చిపోయిన సంగతి తండాలో పసిపిల్లకు కూడా తెలుసు.

ఖమ్మం నుంచి వచ్చిన మర్నాడు మంగీలాల్ ఇక చన్నీళ్లే పోసుకుంటానని ప్రకటించాడు. మూడు రోజులు పోసుకున్నాడు. మూడో రోజు మోకాళ్లు పట్టేసి మంచం మీంచి లేవలేకపోయాడు. నాలుగో రోజు తెల్లవారేసరికి కాగు కింద మంట ఉంది. అతను కేకలేశాడు. ఆమె వినలేదు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమె విననిది అదొక్కటే కాదు. పోనీ నీళ్లు తానే కాస్తానని అతను నాలుగింటికి లేస్తే, ఆమె మూడున్నరకే లేచింది. ఈ పోటీ ఇలాగే సాగితే ఇద్దరూ నిద్రే పోరని తెలిసి అతనే ఓడిపోయాడు.

దారి చూపింది జ్యోత్స్న. భద్రాచలంలో ఆమె పాఠాలు చెప్పే హాస్టలు బడిలో మూడు వందల మంది ఆడపిల్లలు ఎండతో కాగిన నీళ్లే పోసుకుంటున్నారు. ఫోనులో ఆ సంగతి చెప్పి, కొత్తగూడెంలో దుకాణం పెట్టుకున్న తిరుపతి అనే అతన్ని పంపింది. తిరుపతికి నలభై ఏళ్లుంటాయి. వాళ్ల నాన్న కూడా బాయి మనిషే కాబట్టి జ్యోత్స్న పెళ్లికి కూడా వచ్చాడు, మంగీలాల్‌ను కాకా అని పిలుస్తాడు.

తిరుపతి మొదట రకాలు చెప్పాడు. గాజు గొట్టాల రకం ఒకటి, గట్టి అద్దం బిగించిన రేకు పలకల రకం ఇంకొకటి. గొట్టాలు చవక, తేలిక. మంగీలాల్ కోతుల మాట అడిగాడు. అడవి పక్కన బతికేవాడు ఏ వస్తువు కొన్నా ముందు కోతి వైపు నుంచే ఆలోచిస్తాడు. గొట్టం మీద కోతి దూకితే గొట్టం ఉండదని తిరుపతి నిజాయితీగా ఒప్పుకున్నాడు. పలకలే ఖాయమయ్యాయి. ఇద్దరు మనుషులు, వచ్చిపోయే కూతురు, అల్లుడు, మనవడు అని లెక్కేసి రెండు వందల లీటర్ల ట్యాంకు అనుకున్నారు. పలకలు దక్షిణం చూడాలి. చన్నీళ్ల ట్యాంకు వేణ్నీళ్ల ట్యాంకు కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే నీళ్లు తమంతట తాము పారవు. కాబట్టి ముందుగది మీద ఉన్న పాత నల్ల ట్యాంకును అక్కడే ఇనప స్టాండు మీదకు ఎక్కించాలి. స్నానాల గదికి దగ్గర కావాలి కాబట్టి పలకలూ వేణ్నీళ్ల ట్యాంకూ వెనక గది స్లాబు మీదే రావాలి. అంతవరకు మంగీలాల్ దేనికీ అడ్డు చెప్పలేదు. చివర్న, మొత్తం బరువెంత అని అడిగాడు.

నీళ్లు నిండితే నాలుగు క్వింటాళ్లు దాటుతుందని తిరుపతి చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది.

మంగీలాల్ లోపలికి వెళ్లి, అటక మీంచి ఒక కర్ర తీసుకొచ్చాడు. చివర పొన్ను ఉంది. వెనక గదిలో నిలబడి స్లాబును ఒక మూల నుంచి జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ, ప్రతి దెబ్బకూ తల పక్కకు వంచి విన్నాడు. తిరుపతి గుమ్మంలో నిలబడి చూశాడు. ముప్పావుగంట పట్టింది. స్నానాల గది వైపు మూల దగ్గర మంగీలాల్ ఆగాడు. అక్కడే నాలుగుసార్లు కొట్టాడు. ఇక్కడ డొల్లగా పలుకుతోందన్నాడు. అది స్లాబు కాదని, పైపూత సిమెంటు అక్కడక్కడ విడవడం ఏ ఇంట్లోనైనా ఉండేదేనని తిరుపతి చెప్పాడు.

"జ్యోత్స్న పెండ్లిల ఇదే స్లాబ్ మీద నలభై మంది ఆడిండ్రు గదా కాకా. ఏమన్న అయిందా?"

"ఆడినోళ్లు పొద్దుగాల దిగిపోయిండ్రు. ఇది దిగుతదా?"

సామాను నవంబరు మొదటి వారంలో ట్రాలీ ఆటోలో వచ్చింది. పైపులు వేయడం, స్టాండు నిలబెట్టి నల్ల ట్యాంకు ఎక్కించడం, గోడకు కన్నాలు కొట్టడం, వెనక గది మీద బరువు పడని పనులన్నీ రెండు రోజుల్లో అయిపోయాయి. బరువు మాత్రం ఎక్కలేదు. వెనక గదిలో స్లాబు కింద రెండు ఆసరా కర్రలు నిలబెట్టేదాకా ఎక్కదని మంగీలాల్ తేల్చాడు. స్లాబు పోసేటప్పుడు వాడే ఇనప జాకీలు రెండు తెస్తానని తిరుపతి అన్నాడు. మంగీలాల్ అతని వైపు జాలిగా చూశాడు. ఇనుము చెప్పకుండా వంగుతుందని, కర్ర విరిగే ముందు కిర్రుమని చెబుతుందని, ఆ చెప్పడం విని పరిగెత్తిన మనుషులు వందల మంది ఇవాళ పెన్షన్లు తీసుకుంటున్నారని అన్నాడు. ఈ మాట నిజమే. అందుకే దాన్ని కాదనడం కష్టమైంది.

అయితే ఏ కర్ర? ఊరి చుట్టూ కావలసినంత జామాయిల్ ఉంది. జామాయిల్‌ను కాగితం మిల్లుకు పంపుతారు గాని నెత్తి కింద పెట్టుకోరన్నాడు మంగీలాల్. కొత్తగూడెం కోతమిల్లులో మూడు గంటలు తిరిగి, దుంగలన్నిటినీ వేలి కణుపుతో కొట్టి, అన్నీ కాదని వచ్చేశాడు. అతనికి గుండ్రటి నల్లమద్ది కర్ర కావాలి, ముడి లేనిది, చీలిక లేనిది, ఆరినది. అది కావాలంటే అటవీశాఖ డిపోలో కొనాలి. ఆఫీసుకు వెళ్లి అర్జీ పెట్టాడు. అక్కడి ఆఫీసరు అర్జీ రెండుసార్లు చదివి, ఇంటి మీద ఎండతో నీళ్లు కాచుకోవడానికి ఇంటి లోపల అడవి చెట్టు ఎందుకని అడిగాడు. మంగీలాల్ వివరించాడు. ఆఫీసరు మర్యాదస్తుడు, మొత్తం విన్నాడు. డిసెంబరు మూడో బేస్తవారం డిపోలో వేలం ఉందని, అప్పుడు రమ్మని చెప్పాడు.

అంటే ఐదు వారాలు. ఆ ఐదు వారాలూ రేకు పలకలు రెండూ వసారాలో గోడకు ఆని నిలబడ్డాయి. వేణ్నీళ్ల ట్యాంకు ముందుగదిలో ఒక మూల కూర్చుంది. వచ్చినవాళ్లు దాన్ని కొత్త రకం కూలరు అనుకున్నారు. సామాను వచ్చిన అట్టపెట్టెలు బాగా ఎండి ఉన్నాయి కాబట్టి సక్రి రోజుకు ఇంత చింపి పెరట్లో పొయ్యి రాజేయడానికి వాడుకుంది. ఐదు వారాల్లో పెట్టెలన్నీ అయిపోయాయి. పొగ మాన్పించడానికి తెచ్చిన సామాను, సగమైనా ఇంటి మీదకు ఎక్కకముందే, దాని అట్టల మేరకు పొగై సక్రి ఛాతీలోకి పోయింది.

మంగీలాల్ చేసినదంతా సక్రి కోసమే. అందులో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. ఆ వెనక గదిలోనే ఆమె మధ్యాహ్నాలు నడుం వాలుస్తుంది. అక్కడ ఆమె నెత్తిన సిమెంటు పెచ్చు కూడా పడకూడదని అతను కోతమిల్లుకూ ఆఫీసుకూ డిపోకూ తిరిగాడు. అతను తిరిగినన్ని రోజులూ ఆమె పొయ్యి ముందు కూర్చుంది. ఈ రెండూ ఒకే లెక్కలోవని అతనికి తట్టలేదు. తట్టకపోవడం అతని మంచితనంలో భాగమే, కానీ మంచితనానికి పొగను ఆపే శక్తి లేదు.

డిసెంబరు రెండో వారంలో మంచు బాగా దిగింది. అడవి వైపు తెల్లారి ఎనిమిదింటి దాకా ఏమీ కనిపించని రోజులు. కట్టె చెమ్మగిల్లింది, మంట తక్కువై పొగ ఎక్కువైంది. ఒక పొద్దున సక్రి ఊదుగొట్టం పట్టుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగింది. మాట రావడం లేదు. పెదాలు నల్లబడ్డాయి. మంగీలాల్ మందు పీల్చే డబ్బా కోసం ఇల్లంతా వెతికాడు. అది పొయ్యి పక్కనే, ఆమె కొంగు ముడిలోనే ఉంది. పక్కింటి జైరాం ఆటోలో కొత్తగూడెం దవాఖానాకు తీసుకెళ్లారు. రెండు రోజులు ఆక్సిజన్ పెట్టి ఇంటికి పంపారు.

జ్యోత్స్న సెలవు పెట్టి వచ్చి తల్లి దగ్గర ఉంది. తిరిగి వెళ్లాక ఫోను చేసింది. తండాలో తండ్రిని బా అంటారు, తల్లిని యాడి అంటారు. ఇంట్లో అంతా లంబాడీలోనే మాట్లాడుకుంటారు, మన సౌకర్యం కోసం ఇక్కడ తెలుగులో చెప్పుకుంటున్నాం.

"బా, నీ కర్ర ఎప్పుడొస్తది?"

"బేస్తారం."

"యాడి బేస్తారం దాక ఆగుతదా? అడిగినవా?"

జవాబు వినకుండానే జ్యోత్స్న పెట్టేసింది. అయినా మంగీలాల్ బేస్తవారం మొదటి బస్సుకే డిపోకు పోయాడు. మనిషికి భయం వేసినప్పుడు తనకు బాగా తెలిసిన పనినే ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. అతనికి తెలిసినది కర్ర నిలబెట్టడమే.

అతను తోటల దారి మలుపు తిరిగేదాకా చూసి, సక్రి జైరాం ఫోను అడిగి తీసుకుని తిరుపతికి చేసింది. ఆయన పొద్దు నడినెత్తికి వచ్చేదాకా రాడు, నువ్వు జల్దీ రా అని చెప్పింది. ఎనిమిదింటికల్లా తిరుపతి ఇద్దరు మనుషుల్ని, తాళ్లను వేసుకుని వచ్చాడు. సక్రి వాకిట్లో మంచం వేయించుకుని, శాలువా కప్పుకుని కూర్చుని పని చూసింది. పలకలు తాళ్లతో పైకి వెళ్లాయి. ట్యాంకు భుజాల మీద వెళ్లింది. తిరుపతి ఫోనులో దిక్సూచి చూసి పలకలను దక్షిణానికి తిప్పి బిగించాడు. పదకొండున్నరకు అంతా అయిపోయింది. ఇక పైపు మీద ఉన్న మర తిప్పి ట్యాంకులోకి నీళ్లు వదలడమే తరువాయి. తిరుపతి మర మీద చెయ్యి వేశాడు. ఆగమని సక్రి కింద నుంచి చెప్పింది.

"ఆయన రానియ్యి. ఆయన లేంది నింపితే, ఏం గాకున్నా అయినట్టే అనుకుంటడు. ఇగ జన్మంత ఆ గదిల పండుకోనియ్యడు."

మంగీలాల్ పన్నెండింటికి వచ్చాడు. ట్రాలీ ఆటోలో రెండు నల్లమద్ది కర్రలు, వాటి మీద అటవీశాఖ సుత్తి ముద్రలు, అతని జేబులో వాటికి కాగితం. ఆటో దిగి, తల ఎత్తి ఇంటి మీద చూశాడు. కోప్పడలేదు. తిరుపతి కోపానికి సిద్ధమై దిగివచ్చాడు గాని ఆ అవసరం పడలేదు. ఇంట్లో ఎవరున్నా బయటికి రావాలని మాత్రం మంగీలాల్ చెప్పాడు. కర్రలు కొలతకు కోసి, చీలలు కొట్టి, నిలబెట్టడానికి సాయంత్రమవుతుందని, నీళ్లు రేపు నింపుకోవచ్చని అన్నాడు. రేపు పర్ణశాలలో లాడ్జి పని ఒప్పుకున్నానని, మళ్లీ వచ్చే బుధవారం గాని రాలేనని తిరుపతి అన్నాడు. అయితే బుధవారమే అన్నాడు మంగీలాల్.

సక్రి మంచం మీంచి లేచింది. చాప చుట్ట తీసుకుని ఇంట్లోకి నడిచింది. వెనక గదిలో, డొల్లగా పలికిందన్న ఆ మూల కింద చాప పరిచి, గోడకు ఆనుకుని కూర్చుంది. కిటికీ లోంచి పిలిచింది.

"తిరుపతీ, తిప్పు."

తిరుపతి మంగీలాల్ మొహం చూశాడు. మంగీలాల్ కిటికీ చూశాడు. బయటికి రమ్మని రెండుసార్లు చెప్పాడు. ఆమె చాప మీంచి లేవలేదు. తిరుపతి నిచ్చెన ఎక్కి మర తిప్పాడు.

ముప్పై ఒక్క ఏళ్లలో మంగీలాల్ ఆసరా లేని కప్పు కిందకు తన ఇష్టంతో ఎప్పుడూ వెళ్లలేదు. ఆ రోజు వెళ్లాడు. పొన్ను కర్ర తీసుకుని, చెప్పులు విడిచి, సక్రి పక్కన చాప మీద కూర్చున్నాడు. కప్పు కూలితే ఆమెను బయటికి లాగడానికి ఏ చెయ్యి వాడాలో కూడా ఆలోచించుకుని, కుడిచెయ్యి ఖాళీగా ఉంచుకున్నాడు. పైన పైపులో నీళ్లు గుడగుడమంటూ దిగుతున్నాయి. తలుపు బయట జైరాం ఇంటి కోళ్లు. అతను కళ్లు మూసుకుని ఆ చప్పుళ్లన్నిటినీ ఒక్కొక్కటిగా పక్కకు తోసి, స్లాబు ఏమంటుందో విన్నాడు. ఏమీ అనలేదు. పావుగంట గడిచింది.

అప్పుడు వినిపించింది. సన్నగా, ఆగి ఆగి, ఒక కీచు. అతను చటుక్కున కళ్లు తెరిచి మూల వైపు చూశాడు. సిమెంటు పూత మీద కొత్త బీట ఏదీ లేదు. మళ్లీ వినిపించింది. లేచి నిలబడి కర్రతో కొట్టి విన్నాడు. స్లాబు తన పాత మాటే చెప్పింది. కూర్చున్నాడు. కీచు మళ్లీ వచ్చింది, పై నుంచి కాదు, పక్క నుంచి. సక్రి గోడకు తల ఆనించి, నోరు కొద్దిగా తెరిచి, కిటికీ లోంచి వచ్చే ఎండను చూస్తూ ఊపిరి తీసుకుంటోంది. తీసుకున్న ప్రతిసారీ ఆ చప్పుడు వస్తోంది.

"ఈ చప్పుడు ఎప్పటిసంది?" అని అడిగాడు.

"ఏ చప్పుడు?" అంది సక్రి. నిజంగానే ఆమెకు తెలియలేదు. అతను ఆమె ఛాతీ వైపు చూపించాడు. "ఓ, ఇదా. నువ్వు రాత్రి షిఫ్టు చేసిన దినాలసంది. నువ్వు పొద్దంత పండుకుంటుంటివి. దగ్గితే లేస్తవని నేను బయట కూసుంటుంటి."

మంగీలాల్ కర్ర కింద పెట్టాడు. అతనికి సిగ్గేసింది. బాయి మొత్తం మెచ్చుకున్న ఆ చెవులతోనే అతను ఇరవై ఏళ్లకు పైగా ఆ చప్పుడు పక్కన పడుకున్నాడు. అతనికి ఏడవాలనిపించింది గాని, తిరుపతి మనుషులు వాకిట్లో ఉన్నారు కాబట్టి ఏడవలేదు. నీళ్లు నిండి పై గొట్టం లోంచి పొర్లాయని తిరుపతి కేకేశాడు. నాలుగు క్వింటాళ్లు నెత్తి మీద నిలబడ్డాయి. ఆ సంగతి మంగీలాల్ సరిగ్గా గమనించలేదు, నల్లమద్ది కర్రలు వాకిట్లోనే పడి ఉన్నాయి.

వెళ్లేముందు తిరుపతి అతన్ని వాకిలి దాకా పిలిచి ఒక మాట చెప్పాడు. నింపేసరికి మధ్యాహ్నమైంది, చలికాలపు ఎండ సగం పూటే దొరుకుతుంది, కాబట్టి రేపు పొద్దున ఒక్కరికి సరిపోయే వేడే ఉంటుంది, ఎల్లుండి నుంచి ఇద్దరికీ పుష్కలం అన్నాడు. మంగీలాల్ తలూపి, ఇంట్లోకి వచ్చి, ఆ మాట సక్రికి చెప్పలేదు. చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. ఆ ఒక్కరు మంగీలాలే అవుతాడు. చన్నీళ్లు తాకితే ఆమెకు ఊపిరి పట్టేస్తుంది, కాబట్టి ఆమె తన కోసమని మూడు రాళ్ల మధ్య మళ్లీ నిప్పు పెడుతుంది. ఎండ యంత్రం నమ్మకం లేనిదని ఒక్కరోజు తేలితే చాలు, ఆ పొయ్యి ఇక జన్మలో ఆరదు.

మర్నాడు సక్రి అలవాటు ప్రకారం నాలుగింటికి లేచింది. చేయడానికి పని కనిపించక మంచం మీద కూర్చుంది. ఎందుకైనా మంచిదని నాలుగు పుల్లలు వెలిగిస్తానని లేవబోయింది. మంగీలాల్ అప్పటికే లేచి కూర్చుని ఉన్నాడు. స్నానాల గదిలోకి తీసుకెళ్లి కొత్త కుళాయి తిప్పి ఆమె చెయ్యి పట్టి కింద పెట్టాడు. మొదట పైపులో ఉన్న చల్లనివి వచ్చాయి, తర్వాత వెచ్చబడ్డాయి. ఆమె చెయ్యి తీయలేదు. కాసేపటికి, సరే నువ్వు పోసుకో అంది. మోకాళ్లకు నూనె రాసుకున్నాను, గంట నాననివ్వాలి, నువ్వే ముందు కానియ్యి అన్నాడు. అతను ఏ నూనే రాసుకోలేదు. మొగుడి కంటే ముందు తానెన్నడూ పోసుకోలేదని ఆమె ఒప్పుకోలేదు. నీళ్లు ఊరికే చల్లారిపోతాయని అతను విసుక్కున్నాడు. వేడి వృథా అవుతుందంటే ఆమె తట్టుకోలేదు. లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది.

అతను తలుపు బయట పీట వేసుకుని కూర్చున్నాడు. మొదటి చెంబు చప్పుడు, తర్వాత రెండోది, తర్వాత వరసగా. మిగిలినవాటితో సర్దుకోవలసిన పని లేకుండా ఆమె నీళ్లు పోసుకోవడం అతను విన్నది అదే మొదటిసారి. అరగంటయినా ఆమె బయటికి రాలేదు. ఆవిరికి కాబోలు, మధ్యలో ఒకసారి దగ్గి, ఆ తర్వాత మెల్లగా, పొడుగ్గా ఊపిరి తీసింది. అతను తలుపు దగ్గరికి జరిగాడు. నీళ్ల చప్పుడు వల్ల కీచు ఉందో లేదో తేల్చుకోలేకపోయాడు. ఆమె తల తుడుచుకుంటూ వచ్చి, నీ నీళ్లు ఉంచాను పో అంది.

అతను వెళ్లి కుళాయి తిప్పాడు. మొదటి చెంబు గోరువెచ్చగా ఉంది. రెండో చెంబు నుంచి రాత్రంతా మంచులో నిలబడ్డ నల్ల ట్యాంకు నీళ్లు వచ్చాయి. తలుపు అవతల సక్రి నిలబడి ఉందని అతనికి తెలుసు. చల్లటి నీళ్లు మీద పడ్డ మనిషి నోట్లోంచి వచ్చే చప్పుడు ఏదీ రానివ్వకుండా, పళ్లు బిగించి, బకెట్టు మొత్తం పోసుకున్నాడు. బయటికి వచ్చి తువ్వాలు గట్టిగా చుట్టుకున్నాడు.

"ఎట్లున్నయి?" అని అడిగింది.

"కాలినయి సక్రీ. రేపటిసంది చన్నీళ్లు కలుపుకోవాలె."

ఆమె అతని మొహం ఒక క్షణం చూసింది. తర్వాత పెరట్లోకి వెళ్లి, కాగును మూడు రాళ్ల మీంచి దింపి, అందులోని నీళ్లు బూడిద మీద కుమ్మరించి, దాన్ని గోడ పక్కన బోర్లించింది. మంగీలాల్ స్వెటరు మీద స్వెటరు వేసుకుని, ఎండ మొదట పడే చోటు వెతుక్కుని కూర్చున్నాడు. ఆ రోజు మంచు తక్కువ, ఎండ ఏడున్నరకే వచ్చింది. తొమ్మిదింటి దాకా అతని పళ్లు కొట్టుకుంటూనే ఉన్నాయి, ఆమె అటు వచ్చినప్పుడల్లా అతను తమలపాకు నములుతున్నట్టు దవడ ఆడించాడు.